పీఠానికి ముందు పన్నెండేళ్ళు

1947లో ఇంగ్లండులోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయం బైబిలు చరిత్ర, సాహిత్యం అనే కొత్త శాఖను తెరిచింది. దాన్ని నడిపించమని పిలిచిన మనిషికి వేదాంతశాస్త్రంలో పట్టా లేదు. డాక్టరేటు లేదు. ఆయన పాస్టరు కాదు, ఏ సంఘమూ ఆయనకు అభిషేకం ఇవ్వలేదు. అప్పటికి పన్నెండేళ్ళుగా ఆయన చేస్తున్న ఉద్యోగం విశ్వవిద్యాలయ విద్యార్థులకు గ్రీకు చెప్పడం. పేరు ఫ్రెడరిక్ ఫైవీ బ్రూస్. పుస్తకాల అట్టల మీద ఎఫ్. ఎఫ్. బ్రూస్ అని ఉంటుంది.

1955లో అదే షెఫీల్డులో ఆయన ప్రొఫెసరయ్యారు. 1959లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలోని రైలాండ్స్ పీఠం ఆయనకు దక్కింది. 1965లో బ్రిటన్‌లోని పాత నిబంధన పండితుల సమాజానికి, 1975లో అంతర్జాతీయ క్రొత్త నిబంధన పండితుల సమాజానికి అధ్యక్షులయ్యారు. ఈ రెండు రంగాలూ ఒకరి సొత్తు ఒకరు ముట్టుకోనంతగా వేరుపడిపోయిన కాలంలో రెండింటికీ అధ్యక్షత వహించడం చాలా అరుదు. మధ్యలో 1973లో బ్రిటిష్ అకాడమీ ఆయన్ను ఫెలోగా ఎన్నుకుంది.

బైబిలు చెప్పే ప్రొఫెసరు కావాలని ఉన్నవాళ్ళు ముందుగా అడిగేది పట్టా సంగతే. ఎక్కడ చేరాలి, ఎన్నేళ్ళు పడుతుంది, ఏ దేశం వెళ్ళాలి? వాటి దగ్గరికి వస్తాను. ముందు బ్రూస్ గారి దారి చూద్దాం. పీఠం దక్కాక ఆయన సాధించినవి చాలా ఉన్నాయి. అయినా నన్ను ఆపి ఆలోచింపజేసేవి, పీఠం ఊసే లేకుండా గ్రీకు క్రియారూపాలు దిద్దుతూ గడిపిన ఆ పన్నెండేళ్ళు. ప్రొఫెసరు తయారైంది అక్కడేనని నా నమ్మకం.

ఆయన 1910 అక్టోబరు 12న స్కాట్లండు ఉత్తరాన ఎల్గిన్ అనే పట్టణంలో పుట్టారు. ఏడుగురు పిల్లల్లో పెద్దవారు. తండ్రి పీటర్ బ్రూస్ ఊరూరా తిరిగి వాక్యం చెప్పే సువార్తికుడు, బ్రదరన్ సహవాసాలకు చెందినవారు. గోదావరి జిల్లాల వాళ్ళకు ఈ సహవాసాలు కొత్త కాదు. 1836లో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండు నుంచి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ దంపతులు నరసాపురం ప్రాంతంలో మొదలుపెట్టిన పని ఈ ఉద్యమంలోదే. అక్కడి నుంచి వచ్చిన పాఠకులకు బ్రూస్ పెరిగిన ఇంటి వాతావరణం సులువుగా అర్థమవుతుంది. ఆ సహవాసాల్లో జీతానికి పాస్టరంటూ ఉండరు. ఆదివారం రొట్టె విరిచే కూడికలో రైతో, గుమాస్తానో, దుకాణదారో లేచి బైబిలు తెరిచి మాట్లాడతారు. ఎవరు చెప్పినా, చివరికి తాను చెప్పినా సరే, లేఖనంలో స్వయంగా చూసుకోనిదే ఒప్పుకోవద్దని తండ్రి ఈ కుర్రాడికి నేర్పారు. పరిశోధన పద్ధతి మీద ఎన్ని సెమినార్లు పెట్టినా ఇంతకు మించి చెప్పేదేముంటుంది? అది ఆయనకు వంటింట్లో, కూడికల్లో దొరికింది.

1928లో అబర్డీన్ విశ్వవిద్యాలయంలో చేరి గ్రీకు, లాటిన్ సాహిత్యం తీసుకున్నారు. అక్కడ లాటిన్ ప్రొఫెసరు అలెగ్జాండర్ సౌటర్. 1910లో గ్రీకు క్రొత్త నిబంధనకు ఒక పరిష్కృత ప్రతిని ప్రచురించిన పండితుడాయన. సౌటర్‌కు ముందు ఆ పీఠంలో ఉన్న విలియం రామ్సే, ఆసియా మైనరులో ఏళ్ళ తరబడి తిరిగి శాసనాలు చదివి, పౌలు ప్రయాణాలను నేల మీద నిలబెట్టి చూపినవారు. అంటే బ్రూస్ వెళ్ళింది లాటిన్, గ్రీకు చదవడానికే అయినా, ఆ తరగతి గది గాలిలోనే క్రొత్త నిబంధన ఉంది. 1932లో ప్రథమ శ్రేణిలో ఎం.ఏ. పూర్తిచేసి కేంబ్రిడ్జిలోని గాన్‌విల్ అండ్ కీస్ కాలేజీకి వెళ్ళారు. అప్పుడు కేంబ్రిడ్జిలో లాటిన్ చెబుతున్నది ఏ. ఇ. హౌస్‌మన్. ఆయన్ను కవిగానే ఎక్కువమంది ఎరుగుదురు. కానీ వృత్తిలో ఆయన రాతప్రతుల్లో ఒక్క అక్షరం తప్పును కూడా వదలని పాఠపరిష్కర్త. కేంబ్రిడ్జి తరవాత వియన్నా. అక్కడ పాల్ క్రెచ్మర్ దగ్గర ఇండో యూరోపియన్ భాషాశాస్త్రం. ఒక ఏడాది గడిచేసరికి ఎడింబరో నుంచి గ్రీకు సహాయ అధ్యాపకుడి ఉద్యోగం పిలుపొచ్చింది. 1935లో అక్కడ చేరిపోయారు. డాక్టరేటు అక్కడితో ఆగింది, మళ్ళీ చేయలేదు.

ఆ వరసలో గురువుల పేర్లు మరోసారి చూడండి. ఒకరు పరిష్కర్త, ఒకరు ప్రతి అక్షరాన్నీ నిలదీసేవారు, ఒకరు భాషల పుట్టుపూర్వోత్తరాలు తెలిసినవారు. మీరు చేరబోయే కాలేజీ పేరుకంటే ముందు, అక్కడ మీకు పాఠం చెప్పబోయేది ఎవరో కనుక్కోండి. ఆ మనిషి రాసిన రెండు వ్యాసాలు సంపాదించి చదవండి. పేజీలో మూలభాష కనిపిస్తోందా, లేక ఇతరులు చెప్పినదాన్ని మరొకరు చెప్పినదానితో పోల్చడమే సరిపోతోందా? తేడా రెండు పేజీల్లో తెలిసిపోతుంది. మూలంతో కుస్తీ పట్టే గురువు చిన్న కాలేజీలో ఉన్నా సరే వెళ్ళండి.

గ్రీకు చెప్పిన ఏళ్ళు

ఎడింబరోలో మూడేళ్ళు, లీడ్స్‌లో తొమ్మిదేళ్ళు. 1936లో పెళ్ళి, తరవాత ఇద్దరు పిల్లలు, ఆ వెంటనే రెండో ప్రపంచ యుద్ధం. ఉద్యోగం గ్రీకు లెక్చరరు. బైబిలు శాఖకు దీంతో సంబంధం లేదు. బయటినుంచి చూస్తే దారి తప్పినట్టే ఉంటుంది. మన ఇళ్ళలోనైతే "ఎన్నాళ్ళిలా? నువ్వు చదివినదేమిటి, చేస్తున్నదేమిటి?" అని నిలదీసేవాళ్ళు.

శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఖద్దరు నేసేవాళ్ళ సంగతి మీరు వినే ఉంటారు. నూలు వడకడానికి ముందే పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి దువ్వి శుభ్రం చేస్తారు. ఆ పని మగ్గం దగ్గర నిలబడ్డవాడికి కనబడదు. కానీ బట్ట సన్నదనం అక్కడే తేలిపోతుంది. బ్రూస్ పన్నెండేళ్ళు అలాంటివే.

ఆ ఏళ్ళలో ఆయనేం చేశారో చూస్తే ఖాళీగా కూర్చోలేదని తెలుస్తుంది. లీడ్స్‌లో తాను అధ్యాపకుడిగా ఉంటూనే, అదే విశ్వవిద్యాలయంలో హీబ్రూ డిప్లొమా చేశారు. అది 1943లో పూర్తయింది. ముప్పై దాటి, సంసారం, ఉద్యోగం, యుద్ధం నడుస్తుండగా ఒక లెక్చరరు మళ్ళీ పరీక్ష రాసే విద్యార్థి అయ్యారు. తరవాతి కాలంలో పాత నిబంధన పండితులు ఆయన్ను తమ అధ్యక్షుడిగా ఎన్నుకున్నారంటే అందుకు విత్తు ఈ డిప్లొమాలోనే పడింది.

అదే 1943లో ఆయన మొదటి పుస్తకం వచ్చింది. క్రొత్త నిబంధన పత్రాలు నమ్మదగినవేనా అని అడిగే చిన్న పుస్తకం, విద్యార్థులకు ఇచ్చిన ప్రసంగాల్లోంచి పుట్టింది. అది ఇప్పటికీ అచ్చవుతూనే ఉంది. అందులో ఆయన వాదన నడిచే తీరు గమనించదగ్గది. సీజరు రాసిన గాల్ యుద్ధ చరిత్రకు మంచి రాతప్రతుల్లో అన్నిటికన్నా పాతది సీజరు కాలానికి సుమారు 900 ఏళ్ళ తరవాతిది. అయినా ఆ గ్రంథాన్ని ఏ చరిత్రకారుడూ తోసిపుచ్చడు. అలాంటప్పుడు అంతకంటే ఎంతో దగ్గరి కాలపు ప్రతులున్న క్రొత్త నిబంధనను అదే కొలతతో కొలవండి అంటారు. ఈ పోలిక చేయాలంటే సీజరునూ, లివీనీ, థ్యుసిడిడీసునూ తరగతిలో ఏళ్ళ తరబడి చెప్పి ఉండాలి. వేదాంత కళాశాల గోడల మధ్యే చదువుకున్నవారికి ఆ ఉదాహరణ చేతికి అందదు. ఆయన వాదనతో మీరు పూర్తిగా ఏకీభవించనక్కర లేదు. రాతప్రతులు బాగా నిలిచినంత మాత్రాన అందులో చెప్పిన ప్రతి సంఘటనా రుజువైనట్టు కాదని తరవాతి పండితులు గుర్తుచేశారు, అది న్యాయమైన మాటే. నేను చూపదలచింది, వేరే రంగమని అందరూ అనుకున్న ఉద్యోగం ఆయన చేతికి ఏ పనిముట్టు ఇచ్చిందో.

అసలు పెద్ద పని మరొకటి నడుస్తోంది. అపొస్తలుల కార్యముల గ్రీకు మూలానికి వ్యాఖ్యానం. యుద్ధకాలంలో మొదలైన ఆ పుస్తకం 1951లో గానీ బయటికి రాలేదు. సుమారు పదేళ్ళ శ్రమ. ఇలాంటి పనిలో ఏముంటుందో తెలియడానికి ఒక్క ఉదాహరణ ఇస్తాను. కార్యముల 18వ అధ్యాయంలో యూదులు పౌలును కొరింథులో గల్లియో అనే అధిపతి ఎదుటికి లాక్కొస్తారు. చదివేవాళ్ళకు అదొక పేరు, అంతే. కానీ గ్రీసులోని డెల్ఫీలో ఇరవయ్యో శతాబ్దం ఆరంభంలో ఒక శాసనం ముక్కలు వెలుగులోకి వచ్చాయి. అది క్లౌదియ చక్రవర్తి పంపిన లేఖ. అందులో గల్లియో పేరుంది, చక్రవర్తిని విజయాల లెక్కతో పేర్కొన్న తీరును బట్టి కాలమూ తెలుస్తుంది. ఆ లెక్కన గల్లియో అధికారం క్రీ.శ. 51, 52 ప్రాంతం. పౌలు జీవితంలో ఇంత గట్టిగా నిలబడే తేదీ మరొకటి లేదు. ఆయన పత్రికల కాలక్రమం చాలామట్టుకు ఈ మేకు మీద వేలాడుతోంది. శాసనం చదవడం రావాలి, రోమను పాలనలో పదవీకాలాలు ఎలా లెక్కిస్తారో తెలియాలి, అప్పుడు ఒక వచనం మీద నాలుగు వాక్యాలు రాయగలరు. ఆ నాలుగు వాక్యాలు డెబ్బై ఏళ్ళకూ నిలుస్తాయి.

27వ అధ్యాయంలో ఓడ పగిలిన కథకు ఆయన ఆధారం చేసుకున్నది ఇంకా ఆశ్చర్యం. జేమ్స్ స్మిత్ అనే స్కాట్లండు పెద్దమనిషి 1848లో పౌలు సముద్రయానం మీద పుస్తకం రాశారు. ఆయన బైబిలు పండితుడు కారు, మధ్యధరా గాలులూ ప్రవాహాలూ తెలిసిన తెరచాప పడవల నావికుడు. మచిలీపట్నంలోనో, ఉప్పాడలోనో సముద్రం ఎరిగిన మనిషికి ఆ అధ్యాయం చదివి వినిపించండి. తెరచాప ఎప్పుడు దించుతారు, లంగరు ఎందుకు వెనకనుంచి వేశారు అని ఆయన అడిగే ప్రశ్నలు రాసుకోండి. మంచి పరిశోధకుడు ఇలాంటి జ్ఞానాన్ని చిన్నచూపు చూడడు.

ఇప్పుడు మీ సంగతి. పనిముట్లు సంపాదించే కాలాన్ని ఎలా గడపాలి? గ్రీకు, హీబ్రూ తరగతిలో పాసవడం వేరు, చదవడం వేరు. పరీక్ష అయిన మర్నాడు పుస్తకం మూసేసేవాళ్ళే ఎక్కువ. రోజూ అర పేజీ చాలు, ఒక్క రోజూ మానకూడదు. మార్కు సువార్తతో మొదలుపెట్టి చివరిదాకా వెళ్ళండి, తరవాత లూకా. మధ్యలో తెలుగు బైబిలు వైపు చూడాలనిపిస్తుంది, ముందు మీ అనువాదం కాగితం మీద పెట్టాకే చూడండి. మాటలన్నీ విడదీసి చూపే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. వాటిని సందేహం తీర్చుకోవడానికి వాడండి. చదవడం వాటికి అప్పగించారంటే రెండేళ్ళ చదువు ఆరు నెలల్లో ఆవిరైపోతుంది. రెండో ఏటినుంచి జర్మన్ చదవడం నేర్చుకోండి, మాట్లాడటం రాకపోయినా ఫరవాలేదు. ఈ రంగంలో రెండు వందల ఏళ్ళ పరిశోధన ఆ భాషలో ఉంది. అన్నిటికంటే మేలైన మార్గం, కొత్తగా చేరిన పిల్లలకు మీరే భాష చెప్పడం. జీతం తక్కువని, హోదా లేదని ఆ అవకాశాన్ని వదులుకోకండి. ఒక క్రియను పాతికమందికి పది రకాలుగా వివరించాల్సి వచ్చినప్పుడు మీకు అది వచ్చిందో రాలేదో తెలుస్తుంది.

శాఖ కట్టడం

షెఫీల్డు ఆహ్వానం గాలివాటుగా రాలేదు. 1944 విద్యాచట్టం ఇంగ్లండు పాఠశాలల్లో మతబోధను తప్పనిసరి చేసింది. చెప్పడానికి టీచర్లు కావాలి, ఆ టీచర్లకు చదువు చెప్పడానికి ఒక శాఖ కావాలి. పాస్టర్లను తయారుచేసే పని కాదది. ఏ సంఘానికీ చెందని విద్యార్థి కూడా కూర్చోగలిగే తరగతి కావాలి. అలాంటి చోట భాష, చరిత్ర మీద నిలబడి చెప్పగల మనిషినే వెతుకుతారు. తన పనిముట్లకు తగిన పని పుట్టినప్పుడు బ్రూస్ చేతిలో పనిముట్లు సిద్ధంగా ఉన్నాయి. అవకాశం ఎప్పుడు వస్తుందన్నది మన చేతిలో లేదు గానీ, అది వచ్చిన రోజున ఏ భాషలో పాఠం చెప్పగలమన్నది చాలావరకు మన చేతిలోనే ఉంటుంది.

ఆ శాఖ తరవాతి తరాల్లో ప్రపంచంలో పేరున్న బైబిలు అధ్యయన కేంద్రాల్లో ఒకటైంది. అంతటి శాఖకే 2009లో డిగ్రీ కోర్సు మూసేయాలన్న ప్రతిపాదన వచ్చింది. విద్యార్థులు, ఎన్నో దేశాల పండితులు నిరసన తెలిపాక అప్పటికి ఆగింది. ఈ రంగంలోకి వచ్చేవాళ్ళు తెలుసుకోవాల్సిన సంగతి ఇది. పీఠాలు శాశ్వతం కావు. డబ్బు లెక్కలు మారితే ఎంత పేరున్న శాఖైనా ఊగుతుంది. అందుకే చేతిలో భాష ఉండాలంటాను. హీబ్రూ, గ్రీకు బాగా వచ్చినవాళ్ళకు కాలేజీ ఉద్యోగం ఒక్కటే దారి కాదు. బైబిలు సొసైటీలు చేసే అనువాదాలకు, ఇంకా లేఖనం అందని గిరిజన భాషల పనికి, పుస్తక ప్రచురణకు అలాంటివాళ్ళు కావాలి.

మాంచెస్టర్ పీఠానికి 1904 నుంచి చరిత్ర ఉంది. మొదట కూర్చున్నది ఏ. ఎస్. పీక్, ఆయనా అభిషేకం లేని మెథడిస్టు విశ్వాసి. తరవాత సి. హెచ్. డాడ్, టి. డబ్ల్యు. మాన్సన్. మాన్సన్ 1958లో చనిపోయాక బ్రూస్‌ను పిలిచారు. 1978లో పదవీ విరమణ దాకా అక్కడే ఉండి, ఎన్నో దేశాల నుంచి వచ్చిన పరిశోధక విద్యార్థులకు గైడుగా ఉన్నారు. డాక్టరేటు చేయని మనిషి డాక్టర్లను తయారుచేశారు. ఆ ఊళ్ళోనే జాన్ రైలాండ్స్ గ్రంథాలయం ఉంది. యోహాను సువార్త 18వ అధ్యాయంలోని కొన్ని పంక్తులున్న, అరచేతిలో ఇమిడిపోయే పపైరస్ ముక్క అక్కడిదే. రెండో శతాబ్దానిదని ఎక్కువమంది లెక్కగట్టిన ఆ ముక్కను 1935లో సి. హెచ్. రాబర్ట్స్ ప్రచురించారు.

ఆ గ్రంథాలయంలో బ్రూస్ ఉపన్యాసాలిచ్చేవారు, అవి అక్కడి బులెటిన్‌లో వ్యాసాలుగా అచ్చయ్యేవి. ఆయన పని తీరులో మనం అచ్చంగా అనుసరించదగ్గది ఇక్కడ ఉంది. 1969 నుంచి 1973 దాకా గలతీయులకు రాసిన పత్రికలోని చిక్కుల మీద ఐదు వ్యాసాలు వరసగా వచ్చాయి. 1977లో పౌలు మీద పెద్ద పుస్తకం. 1982లో గలతీ పత్రిక గ్రీకు మూలానికి వ్యాఖ్యానం. ఒకే పొలాన్ని పదమూడేళ్ళు దున్నారు. ప్రతి మెట్టు దగ్గరా వినేవాళ్ళు ప్రశ్నలడిగారు, విమర్శకులు తప్పులు పట్టారు, తరవాతి మెట్టులో అవి సర్దుకున్నాయి. కార్యముల విషయంలో ఇంకా ముందుకు వెళ్ళారు. 1951లో గ్రీకు వచ్చినవాళ్ళ కోసం రాశారు, 1954లో గ్రీకు రాని పాఠకుల కోసం ఇంగ్లీషు పాఠం మీద మరో వ్యాఖ్యానం రాశారు, రెంటినీ చివరిదాకా సవరిస్తూనే ఉన్నారు. గ్రీకు వ్యాఖ్యానానికి పెంచి దిద్దిన మూడో కూర్పు ఆయన చనిపోయిన 1990లోనే వచ్చింది.

మన దగ్గర పరిశోధకులు ఒక సెమినార్‌కు ఒక విషయం, మరో సెమినార్‌కు ఇంకో విషయం ఎత్తుకుంటారు. పిలిచినవాళ్ళు ఇచ్చిన శీర్షికకు తగ్గట్టు రాస్తారు. పదేళ్ళయ్యాక చూసుకుంటే నలభై సర్టిఫికెట్లుంటాయి, పుస్తకం ఉండదు. దయచేసి అలా చేయకండి. ఒక లేఖన భాగాన్ని ఎంచుకోండి. ఈ ఏడు దాని మీద తరగతిలో చెప్పండి, వచ్చే ఏడు పత్రికకు పంపండి, ఆ పై ఏడు మరో కోణం. పిలిచినవాళ్ళ శీర్షికను మీ పొలం వైపు తిప్పుకోవడం నేర్చుకోండి, వాళ్ళేమీ అనుకోరు.

కూడికలోనూ, తరగతిలోనూ

"సెమినరీకి వెళ్తే ఉన్న విశ్వాసం పోతుంది" అనే మాట మన సంఘాల్లో ప్రతి ఒక్కరూ విన్నదే. చదువుకోవడానికి బయల్దేరిన పిల్లలను అది లోలోపల కోస్తుంది. అటు విశ్వవిద్యాలయాల్లో ఇంకో రకం చూపు, విశ్వాసి పక్షపాతం లేకుండా ఎలా చదువుతాడని. బ్రూస్ ఈ రెండు చూపుల మధ్యే నలభై ఏళ్ళు పనిచేశారు. ఆదివారం కూడికలో సామాన్య సభ్యుడిగా కూర్చునేవారు, లేచి మాట్లాడేవారు. తరగతిలో మాత్రం ఆధారం ఉన్నమేరకే చెప్పేవారు. ఒక బ్రదరన్ పత్రికలో ఏళ్ళ తరబడి పాఠకుల ప్రశ్నలకు జవాబులు రాశారు. అవి 1972లో పుస్తకంగా వచ్చాయి. ఒకవైపు పండితుల సమాజాలకు అధ్యక్షత, మరోవైపు పల్లెటూరి విశ్వాసి అడిగిన వచనానికి ఓపికగా జవాబు. రెండోదాన్ని ఆయన తక్కువ పనిగా చూడలేదు. దాన్ని నేను ఆయన గొప్పతనంలో ముఖ్యభాగంగా లెక్కిస్తాను.

ఆయన తన సహవాసం ఇష్టపడే జవాబులే ఇచ్చారనుకోకండి. కూడికల్లో స్త్రీలు మౌనంగా ఉండాలన్నది ఆ సహవాసాల్లో గట్టి ఆచారం. స్త్రీ అనియు పురుషుడనియు లేదని పౌలు చెప్పిన గలతీ పత్రిక 3వ అధ్యాయం 28వ వచనమే ఇందులో మూలసూత్రమనీ, ఆంక్షలు పెట్టినట్టున్న మిగతా భాగాలను దీని వెలుగులో చదవాలి తప్ప దీన్ని వాటికోసం కుదించకూడదనీ 1982 వ్యాఖ్యానంలో ఆయన రాశారు. అదే ఏడు ఒక బ్రదరన్ పత్రికలో స్త్రీల సేవ గురించి ఇదే తీరున వాదించారు. రాసి, అదే సహవాసంలో ఉండిపోయారు. చిన్నప్పుడు తండ్రి నేర్పినట్టే, లేఖనంలో చూసుకున్నదాన్ని చెప్పారు.

ఇందులో మనకు పనికొచ్చే పద్ధతి ఉంది. తరగతిలో నేర్చుకున్నదాన్ని సంఘంలో దాచిపెట్టే అలవాటు వద్దు, వచ్చిన మర్నాడే ప్రసంగ వేదిక మీద నుంచి విసిరేసే అలవాటూ వద్దు. ముందు అడిగినవాళ్ళకు చెప్పండి. వచనం తెరిచి, ఇక్కడ ఇలా ఉంది చూడండి అని వేలు పెట్టి చూపండి. మన విశ్వాసులు వచనాన్ని గౌరవిస్తారు. ప్రొఫెసరు అభిప్రాయంగా చెబితే వినని మనిషి, వచనం ముందు కూర్చుంటే వింటాడు, ఎదురు ప్రశ్న వేస్తాడు. ఆ ప్రశ్నల్లో కొన్ని మీ పరిశోధనకు పనికొస్తాయి.

ఇక పట్టాలు

బ్రూస్ డాక్టరేటు చేయలేదు కదా అని మీరు మానేయడానికి లేదు. 1930లలో బ్రిటన్‌లో ప్రథమ శ్రేణి డిగ్రీ, గురువు సిఫారసు ఉంటే అధ్యాపక ఉద్యోగం దొరికేది. ఇప్పుడు డాక్టరేటు లేనిదే మీ దరఖాస్తు తెరవరు. మన దేశంలో ఎక్కువమంది నడిచే దారి సెరాంపూర్‌ది. మిషనరీలు కేరీ, మార్ష్‌మన్, వార్డు 1818లో స్థాపించిన ఆ కాలేజీకి 1827లో డెన్మార్కు రాజు శాసనం ద్వారా పట్టాలిచ్చే అధికారం వచ్చింది. ఈనాటికీ ఎన్నో వేదాంత కళాశాలలు ఆ కాలేజీ సెనేటు కిందే బి.డి., ఎం.టిహెచ్., డి.టిహెచ్. నడుపుతున్నాయి. హైదరాబాదులోని ఆంధ్ర క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీలో బి.డి. చేసి, పై చదువుకు బెంగళూరులోని యునైటెడ్ థియలాజికల్ కాలేజీకో, చెన్నైలోని గురుకుల్‌కో వెళ్ళినవాళ్ళు తెలుగునాట చాలామంది. పాత నిబంధన పండితుడు పి. విక్టర్ ప్రేమ్‌సాగర్ ఆ హైదరాబాదు కాలేజీకి ప్రిన్సిపాలుగా పనిచేసి, తరవాత మెదక్ బిషప్పు, సి.ఎస్.ఐ. మోడరేటరు అయ్యారు. మన దగ్గర ఈ వృత్తి తరచూ ఇలా సంఘ పరిపాలనలోకి మలుపు తిరుగుతుంది. పదవి వచ్చినప్పుడు వెళ్ళాలా వద్దా అన్నది మీ ఇష్టం, వెళ్తే రోజూ చదివే అర పేజీ ఎవరు చదువుతారో ముందే తేల్చుకోండి.

విదేశీ చదువుకు తొందర పడకండి. ఎం.టిహెచ్. ఇక్కడే చేసి, భాషలు గట్టిపడ్డాక వెళ్ళినవాళ్ళకు అక్కడి మొదటి ఏడాది పరిశోధనకు దక్కుతుంది. భాష లేకుండా వెళ్ళినవాళ్ళకు ఆ ఏడాది గ్రీకు అక్షరాలకే పోతుంది, స్కాలర్‌షిప్ గడియారం మాత్రం ఆగదు. కుటుంబం ఉన్నవాళ్ళు భార్యాభర్తలు ఇద్దరూ కూర్చుని మూడేళ్ళ ఖర్చు కాగితం మీద వేసుకోండి. తిరిగొచ్చాక సెమినరీ జీతం ఎంతో ముందే అడిగి తెలుసుకోండి. అడగడంలో అవిశ్వాసమేమీ లేదు.

గైడుకు రాసే ఉత్తరం విషయంలో చాలామంది తమ సాక్ష్యం, తమ కష్టాలు, దేవుడు తమకిచ్చిన పిలుపు రాస్తారు. అవన్నీ నిజమే కావచ్చు, కానీ వాటిని చూసి ఆయనేమీ తేల్చుకోలేరు. ఒక పేజీ మించని ఉత్తరం రాయండి. మొదటి పేరాలో మీరు పనిచేయదలచిన లేఖన భాగం, దానిలో మీకు అంతుచిక్కని ప్రశ్న. రెండో పేరాలో ఆ గైడు రాసినదాంట్లో మీరు చదివినదేదో, ఎక్కడ ఒప్పుకుంటున్నారో, ఎక్కడ లేదో. మూడో పేరాలో మీకొచ్చిన భాషలు, ఎంతవరకు వచ్చో దాచకుండా. దానికి జతగా, ఆ భాగంలో పది వచనాలకు మూలభాషలో మీరు సొంతంగా చేసిన వివరణ, పది పేజీలకు మించకుండా పంపండి. మూడు వారాలు చూడండి. జవాబు రాకపోతే మర్యాదగా ఒకసారి గుర్తుచేసి, జాబితాలోని తరవాతి పేరుకు, ఆ మనిషి పుస్తకం చదివాక, కొత్త ఉత్తరం మొదలుపెట్టండి.